వంశపారంపర్య రెటీనా వ్యాధుల అధ్యయనంలో కంటి చిత్రణ

వంశపారంపర్య రెటీనా వ్యాధుల్లో పుట్టుకతో వచ్చిన జన్యు లోపం కంటి వెనుక పొరను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. కారణమయ్యే జన్యువులను ఇప్పటికే 280కి పైగా గుర్తించారు. రెటీనైటిస్ పిగ్మెంటోసా, స్టార్‌గార్డ్ వ్యాధి, బెస్ట్ వ్యాధి, లీబర్ పుట్టు అంధత్వం, కోరాయిడెరీమియా, ఏక్రోమాటాప్సియా, మగపిల్లలకు వచ్చే రెటీనోస్కైసిస్ వీటిలో ముఖ్యమైనవి. ఈ జబ్బులను అర్థం చేసుకోవడంలో కంటి చిత్రాలకు ఉన్నంత ప్రాధాన్యం వైద్యంలో మరోచోట అరుదుగా కనిపిస్తుంది. కాలేయంలోనో కండరంలోనో జబ్బు ఉంటే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. రెటీనా ముక్కను తీస్తే అక్కడి చూపు శాశ్వతంగా పోతుంది. మరణానంతరం దానంగా వచ్చిన కళ్లు దొరికినా, అవి చాలావరకు జబ్బు ముదిరిపోయిన స్థితినే చూపిస్తాయి. జబ్బు ఎక్కడ మొదలైంది, ఏ కణం ముందు చనిపోయింది, ఏది ఇంకా బతికి ఉంది అన్న ప్రశ్నలకు సమాధానం బతికున్న కంటిలోనే వెతకాలి. కనుపాప గుండా కాంతి లోపలికి వెళ్లి తిరిగి రాగలగడం వల్ల అది సాధ్యమవుతోంది.

దెబ్బతినే కణాలు

రెటీనా మందం సుమారు పావు మిల్లీమీటరు. దాని వెలుపలి అంచున కాంతిని పసిగట్టే కణాలు ఉంటాయి. మసక వెలుతురులో చూడటానికి 9 నుంచి 12 కోట్ల దండకణాలు, పగటి చూపుకు, రంగులకు, చదవడానికి సుమారు అరకోటి శంకుకణాలు పనిచేస్తాయి. శంకుకణాలు రెటీనా మధ్య భాగమైన పచ్చచుక్క నడిమధ్యన కిక్కిరిసి ఉంటాయి. దండకణాలు చుట్టుపక్కల భాగమంతా పరుచుకుని ఉంటాయి. వీటి వెనుక ఒకే వరుసలో వర్ణకణ పొర ఉంటుంది. దండకణం తన కాంతిగ్రాహక బిళ్లలను సుమారు పది రోజుల్లో పూర్తిగా మార్చుకుంటుంది. రాలిపోయిన పాత బిళ్లలను వర్ణకణాలు మింగి అరిగించుకుంటాయి. చూపుకు అవసరమైన విటమిన్ ఎ రూపాన్ని తిరిగి తయారుచేసి పంపేదీ ఇవే. జన్యు లోపం ఈ రెండు వరుసల్లో దేనిలో ఉన్నా కాలక్రమంలో రెండూ దెబ్బతింటాయి. అందుకే ఏది ముందు, ఏది తరువాత అన్న ప్రశ్న ఈ రంగంలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

రెటీనైటిస్ పిగ్మెంటోసాలో ముందు దండకణాలు పోతాయి. రేచీకటితో మొదలై, పక్క చూపు కుంచించుకుపోయి, చివరికి గొట్టంలోంచి చూసినట్టు మధ్య భాగం మాత్రమే మిగులుతుంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,000 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుందని అంచనా. మధ్య భారతదేశపు గ్రామాల్లో జరిగిన ఒక సర్వేలో సుమారు 750 మంది పెద్దవాళ్లలో ఒకరికి కనిపించింది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే సమాజాల్లో అంతర్గత లక్షణాలుగా వచ్చే జన్యు వ్యాధులు పెరుగుతాయి. మేనరికాలు, మేనమామ–మేనకోడలు పెళ్లిళ్లు ఉన్న తెలుగు ప్రాంతాలకు ఈ విషయం దూరపుది కాదు. పైగా రేచీకటి అనగానే విటమిన్ ఎ లోపమే గుర్తుకొచ్చే ఊళ్లలో, మందు బిళ్లలతో తగ్గని రేచీకటి వెనుక రెటీనా వ్యాధి ఉండవచ్చన్న సంగతి ఆలస్యంగా బయటపడుతుంది. జబ్బు ముదిరి ఉంటే కంటి వెనుక భాగాన్ని ఒక్కసారి ఫోటో తీసినా ఆ అనుమానం చాలావరకు తేలిపోతుంది.

కంటి వెనుక భాగపు ఫోటో

1851లో హెల్మ్‌హోల్జ్ ఆఫ్తాల్మోస్కోప్‌ను కనిపెట్టాక వైద్యులు మొదటిసారి బతికున్న మనిషి రెటీనాను చూడగలిగారు. కొద్ది ఏళ్లలోనే నల్లటి మచ్చలతో నిండిన రెటీనాలను వర్ణించారు. 1857లో డచ్ వైద్యుడు డాండర్స్ రెటీనైటిస్ పిగ్మెంటోసా అన్న పేరు పెట్టాడు. 1869లో థియోడోర్ లీబర్ పుట్టుకతో వచ్చే అంధత్వాన్ని, 1905లో ఫ్రెడరిక్ బెస్ట్, 1909లో కార్ల్ స్టార్‌గార్డ్ తమ పేర్లతో నిలిచిపోయిన పచ్చచుక్క వ్యాధులను వివరించారు. అప్పట్లో చిత్రమంటే వైద్యుడు చేత్తో గీసిన బొమ్మే. 1886లో మొదటి ఫోటోలు వచ్చినా, ఆసుపత్రులకు పనికొచ్చే కెమెరా 1926లో జైస్ సంస్థ తయారుచేశాకే అందుబాటులోకి వచ్చింది.

రంగు ఫోటోలో రెటీనైటిస్ పిగ్మెంటోసా ముదిరిన దశ స్పష్టంగా తెలుస్తుంది. కాంతిగ్రాహక కణాలు పోయాక వర్ణకణాలు తమ చోటు వదిలి రక్తనాళాల చుట్టూ చేరి ఎముక ముక్కల ఆకారంలో నల్లటి మచ్చలవుతాయి. ధమనులు సన్నబడతాయి, దృష్టి నాడి మొదలు పాలిపోతుంది. అయితే తొలి దశలో ఇవేవీ ఉండకపోవచ్చు. రంగు ఫోటో బాగుందని జబ్బు లేదనుకోవడం ఈ వ్యాధుల్లో తరచూ జరిగే పొరపాటు. పాత కెమెరా ఒకసారికి 30 నుంచి 50 డిగ్రీల భాగాన్నే పట్టేది. దండకణాల జబ్బు అంచుల్లో మొదలవుతుంది కాబట్టి అసలు సంగతి ఫోటో బయటే మిగిలిపోయేది. ఇప్పటి విశాల క్షేత్ర కెమెరాలు ఒకే క్లిక్కులో సుమారు 200 డిగ్రీల మేర చూపిస్తాయి.

1961లో ఇండియానా విశ్వవిద్యాలయంలోని నోవట్నీ, ఆల్విస్ చేతి నరంలోకి ఫ్లోరసీన్ రంగు ఎక్కించి రెటీనా రక్తనాళాలను ఫోటో తీసే పద్ధతిని ప్రకటించారు. చక్కెర వ్యాధి కళ్లకు అది పెద్ద వరమైంది. వంశపారంపర్య వ్యాధుల్లో దాని నుంచి వచ్చిన గొప్ప ఆధారం ఒకటుంది. స్టార్‌గార్డ్ రోగుల్లో రెటీనా వెనుకనున్న రక్తపటలం వెలగాల్సిన చోట చీకటిగా ఉండిపోతుంది. రంగు అక్కడికి చేరకపోవడం దానికి కారణం కాదు. మధ్యలోని వర్ణకణ పొరలో ఏదో పేరుకుని ఆ వెలుగును అడ్డుకుంటోంది. ఆ పేరుకున్న పదార్థాన్నే ఆ తరువాతి పద్ధతి నేరుగా చూపించింది.

తనంతట తానే వెలిగే పొర

వర్ణకణాలు మింగిన బిళ్లలు పూర్తిగా అరగవు. మిగిలిన తుక్కు లిపోఫసిన్ అనే పదార్థంగా కణంలో పోగవుతుంది. దానిపై నీలి కాంతి పడితే అది పసుపు, ఎరుపు వైపు తరంగాల్లో వెలుగు చిమ్ముతుంది. ఏ రంగూ ఎక్కించకుండానే ఆ వెలుగును పట్టే పద్ధతి ఆటోఫ్లోరసెన్స్ చిత్రణ. 1995లో బోస్టన్‌లో ఫ్రాన్స్వా డెలోరి బృందం ఆ వెలుగు లిపోఫసిన్‌దేనని కొలిచి చూపించింది. అదే ఏడాది లండన్‌లో వాన్ రూక్‌మన్, ఫిట్స్‌కీ, బర్డ్ లేజర్ స్కానింగ్ పరికరంతో మొత్తం పచ్చచుక్క చిత్రాన్ని తీశారు. 488 నానోమీటర్ల నీలి లేజర్ ఇందులో ఎక్కువగా వాడతారు.

ఈ చిత్రాన్ని చదవడానికి రెండు సూత్రాలు ముఖ్యం. వెలుగు ఎక్కువైతే తుక్కు మామూలుకన్నా ఎక్కువ పేరుకుందని, అక్కడి కణాలు ఒత్తిడిలో ఉన్నాయని అర్థం. నల్లగా ఉంటే వర్ణకణాలు చనిపోయాయనో, తుక్కు అసలు తయారే కావడం లేదనో అర్థం. స్టార్‌గార్డ్ వ్యాధి ఈ రెండింటినీ ఒకే కంటిలో వరుసగా చూపిస్తుంది. ఏబీసీఏ4 జన్యువు చేసే ప్రోటీన్ కాంతిగ్రాహక బిళ్లల్లో మిగిలిన విటమిన్ ఎ ఉత్పన్నాన్ని బయటికి తోస్తుంది. 1997లో ఈ జన్యువును గుర్తించారు. ఆ ప్రోటీన్ పనిచేయకపోతే ఉత్పన్నపు అణువులు రెండేసి జతకట్టి, మింగిన వర్ణకణంలో లిపోఫసిన్‌గా గడ్డకడతాయి. ముందు పచ్చచుక్క చుట్టూ చేపపిల్లల ఆకారపు మచ్చలు మిలమిలా వెలుగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ వెలిగిన మచ్చలు ఒక్కొక్కటే ఆరిపోయి నల్లబడతాయి. నడుమ ఒక నల్లటి మడుగు ఏర్పడి అంచులకు పాకుతుంది. వింత ఏమిటంటే దృష్టి నాడి చుట్టూ ఉన్న వలయం మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. చిత్రంలో ఈ ఆనవాలు కనిపిస్తే వైద్యుడి అనుమానం ముందుగా ఏబీసీఏ4 వైపే వెళుతుంది.

నల్లబడిన ప్రాంతం అంచులు స్పష్టంగా ఉండటం వల్ల దాన్ని చదరపు మిల్లీమీటర్లలో కొలవవచ్చు. స్టార్‌గార్డ్ రోగులను అనేక దేశాల్లో వెంబడించిన ప్రోగ్‌స్టార్ అధ్యయనంలో ఈ పెరుగుదల సగటున ఏడాదికి ఒక చదరపు మిల్లీమీటరు లోపే. ఇంత నెమ్మదిగా సాగే నష్టాన్ని అక్షరాల చార్టు మీద కనిపెట్టాలంటే చాలా ఏళ్లు పడుతుంది.

రెటీనైటిస్ పిగ్మెంటోసాలో ఇదే పద్ధతి మరో రూపాన్ని చూపించింది. చాలామంది రోగుల్లో పచ్చచుక్క చుట్టూ వెలిగే ఉంగరం కనిపిస్తుంది. లండన్‌లో రాబ్సన్, హోల్డర్ తదితరులు రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే పరీక్షలతో పోల్చి చూసినప్పుడు, ఉంగరం లోపలి ప్రాంతమే రోగికి పనిచేస్తున్న చూపని తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ ఉంగరం బిగుసుకుంటుంది. మధ్యలో చూపు 6/6 ఉన్న యువకుడికి కూడా అది ఎంత వేగంగా దగ్గరపడుతోందో చూసి భవిష్యత్తును అంచనా వేయవచ్చు. చదువు, ఉద్యోగం ఎంచుకోవాల్సిన వయసులో ఆ అంచనాకు ఉన్న విలువ తక్కువేమీ కాదు.

తల్లుల కళ్లలోనూ ఈ చిత్రం సాక్ష్యం చెబుతుంది. కోరాయిడెరీమియా ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపం వల్ల వస్తుంది. లోపం అందిన కొడుకులకు చూపు పోతుంది, తల్లి సాధారణంగా బాగానే చూస్తుంది. స్త్రీల ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రాణంగా ఉంటుంది. ఏది నిద్రపోతుందన్నది కణానికీ కణానికీ మారుతుంది. కాబట్టి ఆమె రెటీనాలో మంచి కణాలు, చెడ్డ కణాలు కలగలిసి ఆటోఫ్లోరసెన్స్‌లో చుక్కచుక్కలుగా కనిపిస్తాయి. వాహకురాలిని గుర్తించడానికి ఒక్కోసారి ఈ ఒక్క చిత్రమే దారి చూపుతుంది.

పొరల అడ్డుకోత

పై నుంచి తీసిన ఫోటోలో లోతు తెలియదు. ఆ లోటును ఆప్టికల్ కోహెరెన్స్ టోమోగ్రఫీ, అంటే ఓసీటీ తీర్చింది. సమీప పరారుణ కాంతిని రెటీనాపైకి పంపి, వేర్వేరు లోతుల నుంచి తిరిగొచ్చిన కాంతిని మరో అద్దం నుంచి వచ్చిన కాంతితో కలిపి, వాటి వ్యతికరణం ఆధారంగా లోతు లెక్కకడతారు. 1991లో మసాచుసెట్స్‌లో డేవిడ్ హువాంగ్, ఎరిక్ స్వాన్సన్, జేమ్స్ ఫుజిమోటో బృందం దీన్ని ప్రకటించింది. 2023లో ఆ ముగ్గురికీ లాస్కర్ పురస్కారం దక్కింది. 2006 ప్రాంతంలో వచ్చిన స్పెక్ట్రల్ యంత్రాలు సెకనుకు పాతికవేలకు మించి లోతు కొలతలు తీస్తూ 5 మైక్రాన్ల తేడాను పట్టగలిగాయి. కాంతిగ్రాహక కణాల లోపలి భాగాలు కూడా గీతలుగా విడివిడిగా కనిపించింది అప్పుడే.

ఆ గీతల్లో అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చింది ఎలిప్సాయిడ్ జోన్. కాంతిగ్రాహక కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియాలు గుమిగూడిన చోటు అది. ఆరోగ్యవంతుడి స్కాన్‌లో ఈ గీత ఎడమ నుంచి కుడికి తెగకుండా సాగుతుంది. రెటీనైటిస్ పిగ్మెంటోసా రోగిలో మధ్యన కొంత మేరే ఉండి, రెండు వైపులా సన్నబడి మాయమవుతుంది. గీత ముగిసిన చోటు ఆటోఫ్లోరసెన్స్ ఉంగరం లోపలి అంచుతో దాదాపు కలుస్తుంది. రెండు వేర్వేరు భౌతిక సూత్రాలతో తీసిన చిత్రాలు ఒకే సరిహద్దును చూపడం ఈ అధ్యయనాలకు గట్టి పునాది వేసింది. మిగిలిన గీత పొడవును ఏటా కొలిచి జబ్బు వేగాన్ని లెక్కిస్తారు. యంత్రం కంటి కదలికను వెంబడిస్తూ సరిగ్గా పాత చోటికే తిరిగి వెళ్లి స్కాన్ తీయగలగడం వల్ల మైక్రాన్లలో తేడా నమ్మదగినదైంది.

జన్యువును బట్టి పొరల రూపం మారుతుంది. బెస్ట్ వ్యాధిలో పచ్చచుక్క కింద గుడ్డులోని పచ్చసొన లాంటి ముద్ద చేరుతుంది, అది ఏ పొరల మధ్య ఉందో ఓసీటీ తేటగా చూపిస్తుంది. సీఆర్‌బీ1 జన్యు లోపంలో రెటీనా పలచబడక మందంగా, పొరల అమరిక చెదిరిపోయి ఉంటుంది. మిగతా చాలా వ్యాధులకు ఇది విరుద్ధం. రెటీనోస్కైసిస్ ఉన్న మగపిల్లల్లో మధ్య భాగం చీలి, నీటి గదులు ఏర్పడతాయి. మామూలు పరీక్షలో మెల్లకన్నుగానో మందదృష్టిగానో పొరబడే ఆ పిల్లల్లో ఒక్క స్కాన్ అసలు కారణాన్ని బయటపెడుతుంది. రెటీనైటిస్ పిగ్మెంటోసాలోనూ కొందరికి పచ్చచుక్కలో నీరు చేరుతుంది. అది ఎసిటజోలమైడ్ వంటి మందులతో తగ్గే అవకాశమున్న భాగం. నయం కాని జబ్బని తెలిసి కూడా ఏటా స్కాన్ తీయించుకోవాలని వైద్యులు చెప్పడానికి ఇదొక బలమైన కారణం.

రక్తప్రవాహాన్ని రంగు ఎక్కించకుండా చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ కూడా వాడుకలో ఉంది. కాంతిగ్రాహక కణాలు పోయినచోట సన్న రక్తనాళాలు తగ్గడాన్ని అది చూపిస్తుంది.

ఒక్కొక్క కణం

కంటి కటకం, కార్నియా లోపరహితం కావు. వాటి వల్ల కాంతి కొంత చెదిరిపోయి, మామూలు కెమెరాలో విడివిడి కణాలు కనిపించవు. నక్షత్రాల నుంచి వచ్చే కాంతిని వాతావరణం చెదరగొట్టకుండా సరిదిద్దడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు వాడిన అడాప్టివ్ ఆప్టిక్స్‌ను 1997లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ విలియమ్స్ బృందం కంటికి అన్వయించింది. క్షణక్షణం ఆకారం మార్చుకునే అద్దం కాంతి వక్రతను సరిచేస్తుంది. దాంతో రెండు మూడు మైక్రాన్ల వెడల్పున్న శంకుకణాలు చుక్కల అల్లికగా కనిపించాయి.

ఈ పరికరం చెప్పిన విషయాల్లో ఏక్రోమాటాప్సియా కథ ముఖ్యమైనది. ఈ జబ్బులో పుట్టుక నుంచే రంగులు తెలియవు, పగటి వెలుగు భరించలేరు. శంకుకణాలు పనిచేయవు కాబట్టి అవి లేవనే అనుకోవడం తేలిక. కానీ ఆ చిత్రాల్లో అనేకమంది రోగుల కళ్లలో వెలుగు తిప్పిపంపని, అయినా నిర్మాణం నిలిచి ఉన్న శంకుకణాలు కనిపించాయి. ఎన్ని మిగిలాయన్నది ఒకే జన్యువు లోపమున్న ఇద్దరిలోనూ ఒకేలా లేదు. జన్యు చికిత్సకు ఎవరు తగినవారన్న ప్రశ్నకు ఇక్కడ జన్యువు పేరు ఒక్కటే సరిపోదు. అయితే ఈ యంత్రాలు ఖరీదైనవి, ఒక్క రోగిని చూడటానికి చాలా సమయం తీసుకుంటాయి. ఇప్పటికీ ఎక్కువగా పరిశోధన కేంద్రాలకే పరిమితం.

చిత్రం, చూపు ఒకటి కావు

ఈ రంగం నేర్పిన అతి ముఖ్యమైన పాఠం ఆర్‌పీఈ65 జన్యు లోపం నుంచి వచ్చింది. ఈ లోపంతో పుట్టిన పిల్లలకు విటమిన్ ఎ తిరిగి చూపుకు పనికొచ్చే రూపంలోకి మారదు. మసక వెలుతురులో వాళ్లకు దాదాపు ఏమీ కనిపించదు. ఆటోఫ్లోరసెన్స్ తీస్తే రెటీనా నల్లగా ఉంటుంది. ఆ నలుపు కణాలు చనిపోయినందువల్ల వచ్చింది కాదు, విటమిన్ చక్రమే ఆగిపోవడంతో లిపోఫసిన్ తయారు కాకపోవడం వల్ల వచ్చింది. అదే కంటికి ఓసీటీ తీస్తే చిన్నపిల్లల్లో కాంతిగ్రాహక కణాల పొర ఇంకా గణనీయంగా నిలిచి ఉంటుంది. కణాలు ఉన్నాయి, చూపు లేదు. ఈ తేడా ఉన్నచోట జన్యువును సరిచేస్తే చూపు తిరిగి రావచ్చు. అదే లోపమున్న బ్రియార్డ్ జాతి కుక్కల్లో జన్యువు అందించగా చూపు వచ్చిందని 2001లో ప్రకటించారు. మనుషుల్లో పరీక్షలు సాగి, 2017 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లక్స్‌టర్నాను ఆమోదించింది. వంశపారంపర్య జబ్బుకు అక్కడ ఆమోదం పొందిన తొలి నేరుగా శరీరంలోకి ఇచ్చే జన్యు చికిత్స అది. రెటీనా కిందికి ఎక్కించే ఈ మందు ఇవ్వాలంటే తగినన్ని బతికున్న కణాలు ఉండాలి. పరీక్షల్లో పాల్గొన్నవారి ఎంపికలో ఓసీటీలో రెటీనా మందం 100 మైక్రాన్లకు మించి ఉండటం ఒక కొలబద్ద.

తరువాతి కథ కొంత కలవరపరిచేది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిడెసియన్, జాకబ్‌సన్ బృందం 2013లో ప్రచురించిన పరిశీలనలో, చికిత్సతో చూపు మెరుగుపడినా కాంతిగ్రాహక పొర పలచబడటం ఆగలేదని ఓసీటీ కొలతలు చూపించాయి. రోగి బాగా చూస్తున్నాడన్న ఆనందంలో ఈ సంగతి ఎవరికీ తట్టేది కాదు. చికిత్స ఎంత చిన్న వయసులో అందితే అంత మేలన్న వాదనకు ఇది బలమిచ్చింది.

జన్యువు వైపు చూపుడు వేలు

280కి పైగా జన్యువుల మధ్య దోషిని వెతకడం ఖర్చుతో కూడిన పని. పరీక్షలో తరచూ అర్థం స్పష్టంకాని మార్పులు బయటపడతాయి. అప్పుడు చిత్రం తీర్పుకు సాయపడుతుంది. రెండు జన్యువుల్లో అనుమానాస్పద మార్పులు కనిపించిన రోగికి దృష్టి నాడి చుట్టూ చెక్కుచెదరని వలయం ఉంటే ఏబీసీఏ4 వైపు మొగ్గు పెరుగుతుంది. గుండ్రటి, స్పష్టమైన హద్దులున్న తెల్లటి ప్రాంతాలు రెటీనా అంచుల్లో కనిపిస్తే గైరేట్ అట్రఫీ అనుమానించి రక్తంలో ఆర్నిథిన్ పరీక్ష చేయిస్తారు. ఆహార నియమంతో నెమ్మదింపజేయగల కొద్ది జబ్బుల్లో అదొకటి కాబట్టి ఈ గుర్తింపు ఎంతో విలువైనది. జన్యువుతో సంబంధం లేని జబ్బులు కూడా ఇదే రూపం తీసుకుంటాయని మరవకూడదు. కీళ్ల వాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ కొందరిలో పచ్చచుక్క చుట్టూ వలయాకారపు నష్టాన్ని కలిగిస్తుంది. సిఫిలిస్ రెటీనైటిస్ పిగ్మెంటోసాను అనుకరిస్తుంది. మందుల చరిత్ర, రక్తపరీక్ష లేకుండా చిత్రం ఒక్కదాన్ని నమ్మి వంశపారంపర్యమని తేల్చడం కుటుంబానికి జీవితకాలపు భారమవుతుంది.

ఔషధ పరీక్షల్లో ఎలిప్సాయిడ్ జోన్ విస్తీర్ణం, నల్లబడిన ప్రాంతపు విస్తీర్ణం ముఖ్య కొలతలుగా స్థిరపడుతున్నాయి. పచ్చచుక్క రక్తనాళాలు దెబ్బతినే మ్యాక్‌టెల్ వ్యాధి మందుకు 2025 మార్చిలో అమెరికా ఆమోదం లభించడానికి ఎలిప్సాయిడ్ జోన్ నష్టం తగ్గడమే ప్రధాన ఆధారం. స్టార్‌గార్డ్, రెటీనైటిస్ పిగ్మెంటోసా పరీక్షలకు ఇది కీలకమైన ముందడుగు.

పరిమితులు

లీబర్ అంధత్వం, ఏక్రోమాటాప్సియా ఉన్న పిల్లల కళ్లు స్థిరంగా నిలవవు, వణుకుతుంటాయి. చేత్తో పట్టుకుని వాడే ఓసీటీలు కొంత ఉపశమనమిచ్చాయి. రెటీనైటిస్ పిగ్మెంటోసా రోగులకు చిన్న వయసులోనే వచ్చే శుక్లం చిత్రాన్ని మసకబరుస్తుంది. వెలుగు భరించలేని రోగులకు నీలి లేజర్ కష్టం. ఏబీసీఏ4 లోపమున్న రెటీనాకు అది హాని చేయవచ్చన్న ఆందోళనతో కొన్ని కేంద్రాలు తక్కువ తీవ్రత కాంతిని వాడుతున్నాయి. ఒక కంపెనీ యంత్రం కొలత మరో యంత్రం కొలతతో నేరుగా సరిపోదు.

చిత్రాన్ని చూసి జన్యువును ఊహించే కృత్రిమ మేధ పద్ధతులు ఇప్పుడు వేగంగా పెరుగుతున్నాయి. లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి చిత్రాలతో తయారైన ఐటుజీన్ వాటిలో ఒకటి. ఇలాంటివి ఏ సమాజపు కళ్లతో నేర్చుకుంటే ఆ సమాజానికే బాగా పనికొస్తాయి. దక్షిణ భారతంలోని కుటుంబాల్లో తరచూ కనిపించే జన్యు మార్పులు యూరప్ కుటుంబాల్లో అరుదు కావచ్చు. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చిత్ర కన్నబిరాన్ వంటి జన్యు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధులపై చాలాకాలంగా పనిచేస్తున్నారు. రోగి చిత్రాలను, జన్యు ఫలితాలను, కుటుంబ వృక్షాన్ని ఒకేచోట ఏళ్ల తరబడి భద్రపరచడం, రోగితో పాటు తోబుట్టువులకు, తల్లికి కూడా స్కాన్ తీయడం ఇక్కడి కేంద్రాలు అందించగల అతి విలువైన పని.